పెడల్ మెత్తగా పోతా ఉందా? ఆయిల్ పోసే ముందర గాలి తీసే నిపుల్ ఏ పక్క ఉందో చూడండి

ఈసారి కార్ల గురించి మీరు రాసిన జాబుల్లో సగానికి పైగా బ్రేకుల గురించే ఉండాయి. అందుకని మైలేజీ, ఏసీ ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి బ్రేకులే తీసుకున్నా. కొండల మధ్య ఉండేవాళ్ళం మనం, తిరుమల కొండ పైకి ఒక ఘాటు, మదనపల్లెకి ఒక కనుమ, పలమనేరుకి మొగిలి కనుమ, యాడికి పోయినా దిగుడు తప్పదు, ఇంజన్ మొరాయిస్తే రోడ్డు పక్కన నిలబడతాం గానీ బ్రేకు మొరాయిస్తే నిలబడలేం కదా.

ప్రశ్న: అన్నా నమస్తే, మాది తిరుపతి, కరకంబాడి రోడ్డు. రెండేళ్ళ కింద బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో ఒక టర్బో పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ కొన్నా, నాలుగు చక్రాలకీ డిస్కులే. ఇంజన్ రీమ్యాప్ (కంప్యూటర్ సెట్టింగు మార్చి పవర్ పెంచడం) చేయించినాక స్పీడు పెరిగింది కదా బ్రేకులు కూడా పెద్దవి ఉంటే మంచిదని మూడు నెలల కింద ముందర చక్రాలకి నాలుగు పిస్టన్ల కాలిపర్లు (ప్యాడ్లతో డిస్కుని రెండు పక్కలా నొక్కి పట్టే పట్టకార్ల లాంటివి), పెద్ద డిస్కులు, స్టీలు అల్లిక హోసులు వేయించినా. ఆరోజు నుంచీ పెడల్ మెత్తన. మొదటి తొక్కు ముప్పాతిక దాకా పోతాది, వెంటనే రెండు మూడు సార్లు కొడితే పైకొచ్చి గట్టిగా నిలబడతాది, పది సెకన్లు వదిలి మళ్ళా తొక్కితే అదే కథ. బిగించిన షెడ్డులో నాలుగుసార్లు బ్రేకు లైన్లో ఎయిర్ (గాలి) తీసినారు, రెండు లీటర్ల ఆయిల్ అయిపోయింది, ఆఖరికి పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్ పోయిందని కొత్తది కూడా వేసినారు, రవ్వంత కూడా మారలా. యాడా ఆయిల్ కారడం లేదు. పోయిన వారం మదనపల్లె నుంచి వస్తా భాకరాపేట కనుమలో లారీ వెనకాల బ్రేకు తొక్కితే పెడల్ లోపలికి పోయి గుండె ఆగినంత పనైంది. చక్రాల ఫోటోలు కూడా పంపించినా. ఏం చేయమంటావన్నా?

జవాబు: తమ్ముడూ, అన్నిటికంటే ముందర ఒకటి, పని పూర్తయ్యేదాకా ఆ కారు గేటు దాటనీయొద్దు. రెండుసార్లు కొడితే పైకొస్తా ఉంది కదా అని చాలామంది అట్లనే నెట్టుకొస్తారు, కానీ ఎదురుగా బర్రె అడ్డం వచ్చినప్పుడు రెండోసారి కొట్టే టైము ఉండదు. కారు కంపెనీ పేరు కావాలనే వేయలేదు, ఎందుకంటే ఈ తప్పు కారుది కాదు, నీ ఫోటోలు చూసినాక ఆ మాట గట్టిగా చెప్తా ఉండా.

ఫోటోల దగ్గరికి వస్తా గానీ ముందు నీ కాలికి తగిలింది ఏందో మాట్లాడుకుందాం. మెత్తన అని అందరూ ఒకే మాట అంటారు, అందులో మూడు నాలుగు వేరు వేరు జబ్బులు ఉంటాయి. తొక్కి పట్టుకుంటే లిఫ్టు దిగినట్టు నిదానంగా కిందికి జారిపోతా ఉంటే అది ఆయిల్ యాడో కారడమైనా, లేదా మాస్టర్ సిలిండర్ లోపల రబ్బరు సీలు దాటి ఆయిల్ వెనక్కి పోవడమైనా. లోతుకి పోతాది కానీ పోయిన చోట రాయిలాగా గట్టిగా తగిలితే అది గాలి కాదు, ప్యాడ్లకీ డిస్కుకీ మధ్య సందు ఎక్కువైంది, వెనక కాలిపర్ల హ్యాండ్‌బ్రేక్ అడ్జస్టర్ సరిగా పట్టలేదనో, బేరింగు ఆడుతోందనో అర్థం. తొక్కుతా ఉంటే స్పాంజి పిండినట్టు ఉండి, వరసగా కొడితే గట్టిపడి, వదిలేస్తే మళ్ళా మెత్తబడితే నూటికి తొంభై గాలే. నీది ఈ మూడోది. నీ మాస్టర్ సిలిండర్ పోలేదు తమ్ముడూ, పోయుంటే గట్టిగా నిలబడిన పెడల్ నీ కాలి కిందనే జారిపోయేది, నిలబడతా ఉందని నువ్వే రాసినావు. ఆ డబ్బులు ఊరికే పోయినాయి.

గాలి ఉంటే ఎందుకట్లా అవుతాదో చెప్తా. ఆయిల్‌ని నొక్కితే నలగదు, నీ కాలి బలం అట్లనే పోయి పిస్టన్ని తోస్తాది, అదే బ్రేకు. గాలి నలుగుతాది. మొదటి తొక్కులో నీ బలమంతా ఆ గాలిని నలపడానికే సరిపోతాది. గబుక్కున వదిలి మళ్ళా కొడితే ముందర పోయిన ఆయిల్ వెనక్కి వచ్చేలోపలే డబ్బాలోనుంచి ఇంకొంచెం ఆయిల్ లైనులోకి చేరతాది, అందుకే రెండో తొక్కు పైకొస్తాది. పది సెకన్లు ఆగితే ఎక్కువైన ఆయిల్ డబ్బాలోకి వెళ్ళిపోతాది, కథ మొదటికొస్తాది. దీన్ని కంటితో చూడొచ్చు కూడా. ఆయిల్ డబ్బా మూత తీసి ఒకరు పక్కనుంచి చూస్తా ఉండాల, ఇంకొకరు ఇరవైసార్లు వరసగా కొట్టి పట్టుకుని ఒక్కసారి వదలాల, లైన్లో గాలి ఇరుక్కొని ఉంటే డబ్బాలో ఆయిల్ ఊటలాగా పైకి చిమ్ముతాది. మొహం మీద పెట్టి చూడొద్దు, కంట్లో పడితే మంట, పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళు పోసి కడగాల, లేకపోతే పెయింటు ఉబ్బి లేచిపోతాది.

ఇప్పుడు ఫోటో. ఎడమ చక్రం తీసి తీసిన ఫోటో పెద్దది చేసి చూసినా. ఎర్ర రంగు కాలిపరు, లోపలి సగాన్నీ బయటి సగాన్నీ కలిపే వంకర పైపు ఒకటి కనిపిస్తా ఉంది, అది పైన ఉంది. రబ్బరు టోపీలు పెట్టిన రెండు బ్లీడింగ్ నిపుల్సు, అంటే విప్పి గాలి బయటికి తీసే మరలు, కింద, నేల వైపు చూస్తా ఉండాయి. కుడిపక్క ఫోటోలో కూడా అంతే. అయిపోయింది తమ్ముడూ, నీ జబ్బు అదే. కుడి కాలిపరు ఎడమకీ ఎడమ కాలిపరు కుడికీ బిగించినారు. బోల్టు రంధ్రాలు రెండు పక్కలా ఒకే కొలత కాబట్టి తిరగేసినా కూర్చుంటాది, పట్టుకుంటాది, చూసేదానికి ఏ తేడా ఉండదు. కానీ గాలి ఎప్పుడూ పైకే చేరతాది. నిపుల్ పైన ఉంటేనే అది బయటికొస్తాది. నిపుల్ కిందుంటే నువ్వు రెండు లీటర్లు కాదు పది లీటర్లు పోసినా కిందనుంచి శుభ్రమైన ఆయిల్ కారతా ఉంటాది, ట్యూబులో ఒక్క బుడగ కనపడదు, ఎయిర్ మొత్తం పోయింది అనుకుంటారు, పైన వంకర పైపులో గాలి హాయిగా కూర్చొని ఉంటాది.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక షెడ్డులో అచ్చం ఇదే చూసినా, అందుకే ఫోటో తెరవకముందే అనుమానం వచ్చింది. కాలిపర్లకి సీల్ కిట్లు వేసి బిగించినాం, రెండు రోజులు ఇద్దరం మార్చి మార్చి పెడల్ కొట్టినాం, మోకాలు వాచింది. మూడో రోజు పెద్ద మేస్త్రీ వచ్చి చక్రం ముందర గొంతుక్కూర్చుని, ఏం మాట్లాడకుండా నిపుల్ మీద వేలు పెట్టి కిందికి చూపించి లేచి వెళ్ళిపోయినాడు. ఆ రోజు నుంచి ఏ బండి వచ్చినా స్పానరు పట్టుకునే ముందర నిపుల్ పైనుందా కిందుందా అని చూడటం నాకు అలవాటైపోయింది.

ఇంకో సంగతి, ఇట్లాంటి కాలిపర్లలో చాలావాటికి నాలుగు పిస్టన్లూ ఒకే సైజు ఉండవు, డిస్కు తిరుగుతా కాలిపరులోకి వచ్చే వైపు చిన్నవి, బయటికి పోయే వైపు పెద్దవి పెడతారు, ప్యాడు సమంగా అరగాలని. తిరగేసి బిగిస్తే అది కూడా తారుమారై ప్యాడు ఒక కొసన ఏటవాలుగా అరుగుతాది. మూడు నెలలు తిప్పినావు కాబట్టి ప్యాడ్లు బయటికి తీసినప్పుడు రెండు కొసలూ కొలిచి చూడు. ఒక పక్క బాగా సన్నబడి ఉంటే కొత్తవి వేసుకో, ఏటవాలు ప్యాడు ఉన్నా పెడల్ మెత్తగానే తగులుతాది.

పని ఎట్లా చేయించాలంటే, కాలిపర్లు రెండూ విప్పి పక్కలు మార్చి బిగించాల, హోసు తగిలించే చోట రాగి వాషర్లు కొత్తవే వేయాల, బోల్టులు కిట్టు కాగితంలో ఉన్న టార్కుకే (ఎంత బలంతో బిగించాలన్న లెక్క) బిగించాల, అందాజుగా కాదు. చక్రం ఊచలకి కాలిపరు తగలకుండా చేత్తో ఒక చుట్టు తిప్పి చూడాల, స్టీరింగు రెండు పక్కలా పూర్తిగా తిప్పి హోసు లాగడం లేదని చూడాల. ఆ తర్వాత ఎయిర్. మన కార్లకి స్టీరింగు కుడిపక్క, మాస్టర్ సిలిండరూ కుడిపక్కనే, కాబట్టి మామూలుగా దూరంగా ఉండే ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి కుడి వెనక, ఎడమ ముందర, కుడి ముందర అని వస్తారు, కానీ కొన్ని కార్లకి కంపెనీ వేరే వరస చెప్తాది, మాన్యువల్‌లో ఏం రాసుంటే అదే చేయండి. నాలుగు పిస్టన్ల కాలిపరుకి లోపల ఒక నిపుల్, బయట ఒక నిపుల్ ఉంటాయి, రెండూ తీయాల, ఒకటే తీసి వదిలేస్తే సగం గాలి ఆడనే ఉంటాది. నిపుల్‌కి తెల్లటి ట్యూబు తగిలించి రెండో కొసని కొంచెం ఆయిల్ పోసిన సీసాలో ముంచి పెట్టండి, లోపలుండే మనిషి నిదానంగా తొక్కి పట్టుకోవాల, బయట మనిషి నిపుల్ పావు చుట్టు తిప్పి వదిలి, పెడల్ కిందికి రాకముందే మూసేయాల, మూసినాక "వదులు" అనాల, అప్పుడే కాలు ఎత్తాల. ఈ "పట్టుకో", "వదులు" అనే రెండు మాటలు గట్టిగా అనుకోకుండా చేస్తే మూసే ముందరే కాలు ఎత్తేస్తారు, బయటి గాలి లోపలికి లాగేస్తాది. దబదబా కొట్టొద్దు, పెద్ద బుడగ చిన్న బుడగలుగా పగిలి ఆయిల్లో కలిసిపోతాది, సోడాలో బుడగల్లాగా, అవి పైకి రావడానికి గంట పడతాది. పాత మాస్టర్ సిలిండర్ ఉన్న బండ్లలో పెడల్ నేలకి ఆనేదాకా తొక్కొద్దు, ఎప్పుడూ పోని చోటికి సీలు పోయి అక్కడి తుప్పుకి గీసుకుంటాది, పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టండి. నీకు కొత్తది కాబట్టి ఆ భయం లేదు, అయితే కొత్త సిలిండర్ని బిగించే ముందర బల్ల మీద పెట్టి గాలి తీసినారా అని అడుగు, తీయలేదంటే ఆడ కూడా కొంత ఉంటాది.

ఇంతా చేసినాక కూడా కొంచెం మెత్తగా ఉంటే ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రం జామ్ కాకుండా చూసేది) బ్లాకు చూడాల. ఎయిర్ తీసేటప్పుడు డబ్బా ఒక్కసారైనా ఎండిపోయిందంటే గాలి ఏబీఎస్ బ్లాకు లోపల గదుల్లోకి దూరతాది, పెడల్ కొట్టి దాన్ని తీయలేం, స్కానర్ పెట్టి బ్లాకులో మోటారు, వాల్వులు ఆడిస్తా ఎయిర్ తీయాల. నాలుగుసార్లు తీసినారు అన్నావు, ఎండనిచ్చినారేమో గట్టిగా అడుగు. వెనక చక్రాల సంగతి తెలుసుకోవాలంటే కారు సమంగా ఉన్న చోట హ్యాండ్‌బ్రేక్ రెండు క్లిక్కులు లాగి పెట్టి పెడల్ తొక్కి చూడు, పెడల్ బాగా పైకొస్తే వెనక ప్యాడ్లలో సందు ఉన్నట్టు, ఆ అడ్జస్టర్ చూపించుకో. రబ్బరు హోసులుంటే క్లాంపుతో ఒక్కో చక్రం లైను మూసి ఏ చక్రం దగ్గర పెడల్ గట్టిపడతా ఉందో పట్టుకోవచ్చు, నీకు ముందర స్టీలు అల్లిక కాబట్టి అక్కడ క్లాంపు పెట్టొద్దు, లోపలి పైపు నలిగిపోతాది.

చివరగా, అంతా సరిచేసినాక కూడా పాత బ్రేకు కంటే పెడల్ రవ్వంత కిందికే తగలొచ్చు, దానికి భయపడొద్దు. పాతది 54 మిల్లీమీటర్ల పిస్టను ఒకటే అనుకుందాం, దాని వైశాల్యం దాదాపు 2290 చదరపు మిల్లీమీటర్లు. కొత్తది ఒక పక్క 40 మిల్లీమీటర్లవి రెండు అయితే 2513. అంటే ప్రతి తొక్కుకీ ముందర చక్రాలకి పదో వంతు ఆయిల్ ఎక్కువ కావాల, దానికి తగ్గట్టు కాలు ఎక్కువ పోతాది. కాలిపరు సైజుని బట్టి ఇది పెరుగుతాది, మరీ పెద్దవి వేస్తే మాస్టర్ సిలిండరు కూడా ఒక సైజు పెంచాల. లోతు రవ్వంత ఎక్కువ ఉండొచ్చు, కానీ పోయిన చోట గట్టిగా ఉండాల, కొడితే పైకి రాకూడదు. అది నీ పరీక్ష. పని అయినాక ఇంజన్ ఆన్‌లో ఒక నిమిషం గట్టిగా తొక్కిపట్టి, అన్ని జాయింట్లూ టార్చి వేసి చూసి, తెల్లారుజామున ఖాళీ రోడ్డులో 20 స్పీడులో, తర్వాత 40లో ఆపి చూసుకో, కనుమ తర్వాత.

ప్రశ్న: నమస్కారం అండి. మాది చిత్తూరు. టర్బో ఇంజను, డ్యుయల్ క్లచ్ ఆటోమేటిక్ కారు, ఐదేళ్ళయింది. పోయిన నెల అందరం కొండకి పోయి దిగేటప్పుడు సగం దూరం నుంచే కాలిన వాసన వచ్చింది, కింద అలిపిరి దగ్గరపడే కొద్దీ బ్రేకు పెడల్ లోపలికి పోయింది, మా వారు గట్టిగా కొడతా కొడతా ఎట్లనో ఆపినారు. గంట ఆగి చూస్తే మామూలుగానే ఉంది. సర్వీసుకి ఇస్తే ప్యాడ్లు ఉన్నాయి, ఏ ప్రాబ్లం లేదు అని కడిగి ఇచ్చేసినారు. మళ్ళీ కొండకి ఆ కారులో పోవాలంటే భయంగా ఉంది.

జవాబు: అమ్మా, భయపడటంలో తప్పేం లేదు, మీకు జరిగింది చిన్నది కాదు. ఏ ప్రాబ్లం లేదు అన్నది మాత్రం నేను ఒప్పుకోను. ఆరోజు మీ బ్రేక్ ఆయిల్ మరిగింది. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, ఆవిరి కూడా గాలిలాగే నలుగుతాది, పెడల్ లోపలికి పోతాది. చల్లారితే ఆవిరి మళ్ళా ఆయిల్లో కలిసిపోతాది, అందుకే గంట తర్వాత చూసిన వాళ్ళకి ఏం దొరకలేదు.

బ్రేక్ ఆయిల్‌కి గాల్లో తేమని పీల్చుకునే గుణం ఉంది. సీసా మీద డాట్ 3, డాట్ 4 అని ఆయిల్ రకం రాసుంటాది. డాట్ 4 ఆయిల్ కొత్తప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు అని లెక్క, అదే 3.7 శాతం నీళ్ళు పట్టినాక ఆ కనీసం 155కి పడిపోతాది. డాట్ 3 అయితే 205, 140. మీది ఐదేళ్ళ కారు, మీరు ఆయిల్ మార్పించినట్టు జాబులో యాడా లేదు, బిల్లులు తీసి చూడండి, బ్రేక్ ఫ్లూయిడ్ అని లేకపోతే అది ఐదేళ్ళ కిందటి ఆయిలే. రెండేళ్ళకొకసారి మార్చాల, కిలోమీటర్లు తిరిగినా తిరగకపోయినా. డబ్బాలో పైన తీసి కొత్తది పోయడం మార్చడం కాదు, మరిగేది కాలిపర్ల దగ్గరుండే ఆయిలు, నాలుగు చక్రాల నుంచీ పాతది బయటికి రావాల. ఒకసారి మరిగిన ఆయిల్ని నమ్మొద్దు, ఈ వారమే మార్పించండి.

ఎంత వేడి పుడతాదో ఒక లెక్క చెప్తా, నాకు కూడా ఇది మొదటిసారి కాగితం మీద వేసినప్పుడు ఆశ్చర్యమేసింది. మనుషులతో కలిపి 1500 కిలోల కారు కొండ మీదనుంచి దాదాపు 700 మీటర్ల ఎత్తు దిగతాది. ఆ ఎత్తులో ఉండే శక్తి అంతా వేడిగా మారితే 35 లీటర్ల నీళ్ళు మామూలు వేడి నుంచి మరిగేదాకా కాచొచ్చు. అందులో కొంత గాలికి, టైర్లకి, ఇంజన్‌కి పోతాది. ఇంజన్ తీసుకోకపోతే ఆ వాటా మొత్తం నాలుగు డిస్కుల నెత్తినే. డి లో పెట్టి దిగితే ఆటోమేటిక్ బాక్సు పై గేర్లకి పోతాది, ఇంజను బండిని పట్టుకోదు, డ్రైవరు 36 మలుపుల పొడుగునా బ్రేకు మీద కాలు పెట్టే ఉంటాడు, మీకు జరిగింది అదే అని నా నమ్మకం. దిగేటప్పుడు మాన్యువల్ మోడ్‌లోకి మార్చి రెండో గేరులో పెట్టండి, ఇంజను మూలుగుతాది, మూలగనీయండి, దానికేం కాదు. స్పీడు పెరిగినప్పుడు గట్టిగా తొక్కి తగ్గించి కాలు పూర్తిగా తీసేయండి, సన్నగా ఆనించి పట్టుకోవద్దు, కాలు తీసినప్పుడే డిస్కుకి గాలి తగిలేది. న్యూట్రల్ అనే మాటే వద్దు. కిందికి 40 నిమిషాల లోపల వస్తే ఫైను అని రూలు ఎటూ ఉంది కదా, ఆ టైముని వాడుకోండి, తొందరగా వచ్చి అలిపిరి ముందర ఆగి టైము పాస్ చేసే వాళ్ళని చూస్తే నాకు బాధేస్తాది.

ఎప్పుడైనా మళ్ళా పెడల్ పోతే గబగబా కొడతా గేరు తగ్గించమనండి, హ్యాండ్‌బ్రేక్ కొంచెం కొంచెంగా లాగమనండి, బటన్ హ్యాండ్‌బ్రేక్ అయితే చాలా కార్లలో లాగి పట్టుకుంటే బండి ఆగతాది, ఇంక కాదనుకుంటే లోయ పక్క కాదు, కొండ పక్కకే ఆనించాల. ఆగినాక వేడి డిస్కుల మీద నీళ్ళు పోయొద్దు, వంకరపోతాయి.

ప్రశ్న: డాట్ 4 కంటే డాట్ 5.1 మంచిదన్నారు, షాపులో డాట్ 5 ఉంటే పేరు దగ్గరగానే ఉంది కదా అని తెచ్చినా, ఇంకా పోయలేదు. పోయొచ్చా అన్నా? (పీలేరు)

జవాబు: పోయలేదు కాబట్టి బతికిపోయినావు, షాపులో తిరిగి ఇచ్చేయ్. డాట్ 5 సిలికాన్ ఆయిల్, ఊదా రంగులో ఉంటాది, డాట్ 3, 4, 5.1 లతో కలవదు, ఏబీఎస్ ఉండే కార్లకి పనికిరాదు. డాట్ 5.1 వేరే జాతి, డాట్ 4 లాంటిదే, కొత్తప్పుడు కనీసం 260 డిగ్రీలు, నీళ్ళు పట్టినాక 180. పేర్లు అట్లా ఎందుకు పెట్టినారో గానీ ఎంతమందిని ఇబ్బంది పెడతా ఉందో ఆ చుక్క. ఏది కొన్నా సీలు తీసిన సీసా దాచిపెట్టి ఏడాది తర్వాత పోయొద్దు, దాచిన సీసా కూడా తేమ పట్టేసి ఉంటాది. ఇంకొకటి, పవర్ స్టీరింగ్ ఆయిలో ఇంజనాయిలో పొరపాటున ఒక్క మూతెడు పడినా లోపల రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి, అప్పుడు సీళ్ళు, హోసులు అన్నీ మార్చాల్సిందే.

ప్రశ్న: ఇంజన్ ఆపి పెడల్ కొడితే రాయిలాగా ఉంటాది, తొక్కిపట్టి స్టార్ట్ చేస్తే కాలి కింద ఒక అంగుళం దిగతాది. ఇది లీకా? (పుత్తూరు)

జవాబు: కాదు తమ్ముడూ, కాలి బలాన్ని పెంచే బూస్టర్ బాగా పనిచేస్తా ఉందని అర్థం. స్టార్ట్ చేసినాక దిగకుండా గట్టిగానే ఉంటే అప్పుడు బూస్టరో దాని వాక్యూమ్ పైపో చూపించాల. దిగి ఆగిపోవాల, దిగతానే ఉంటే మాత్రం పైన చెప్పిన జారే జబ్బు.

ప్రశ్న: అన్నా, మేం నలుగురు ఫ్రెండ్సు శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి పోతా ఉంటాం. నాది కొత్త ఆయిల్, మంచి ప్యాడ్లు. వరసగా రెండు మలుపులు గట్టిగా తిప్పి తర్వాత బ్రేకు తొక్కితే మొదటిసారి లోతుకి పోతాది, రెండోసారి కరెక్టు. రోడ్డు మీద అస్సలు రాదు. ఎయిర్ అంటున్నారు అందరూ. (శ్రీకాళహస్తి)

జవాబు: ఎయిర్ అయితే రోడ్డు మీద కూడా ఉంటాది, మలుపుని వెతుక్కుంటా రాదు. గట్టిగా తిప్పినప్పుడు హబ్బు (చక్రం, డిస్కు బిగించే మధ్య భాగం), బేరింగు రవ్వంత ఒరిగి డిస్కు పక్కకి జరిగి ప్యాడ్లని, పిస్టన్లని లోపలికి నెడతా ఉంది, తర్వాత మొదటి తొక్కు ఆ సందు మూసేదానికే సరిపోతాది. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపి చూడు, టక్ టక్ మంటే బేరింగు మార్చు. ఆడకపోతే డయల్ గేజీ పెట్టించి డిస్కు ఊగు చూపించు, 0.1 మిల్లీమీటరు దగ్గరికి వచ్చిందంటే నాకు నచ్చదు, హబ్బు ముఖం మీద తుప్పు గీకి డిస్కు మళ్ళా కూర్చోబెట్టినా చాలాసార్లు తగ్గిపోతాది. ఈలోపల ట్రాక్‌లో స్ట్రెయిట్ రోడ్డు మీద బ్రేకు పాయింటు రాకముందే ఎడమ కాలితో పెడల్ని సన్నగా ఒకసారి తాకు, సందు మూసుకుంటాది, రేసుల్లో వాళ్ళు చేసేది అదే. అలవాటు లేని ఎడమ కాలు గట్టిగా పడతాది కాబట్టి ముందు ఖాళీ గ్రౌండులో సాధన చెయ్యి. రౌండ్లు అయిపోయినాక ఒక చుట్టు బ్రేకు లేకుండా నిదానంగా తిరిగి చల్లారనిచ్చి లోపలికి రా, వచ్చి హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, చక్రానికి రాయి పెట్టి గేరులో వదిలెయ్.